గొడవొస్తే పూలు

షాదీఖానాలో ఆదివారం పొద్దున దయ్యం సినిమా వేస్తారంట అని మార్కాపురంలో నాలుగు రోజుల నుంచి ఒకటే రొద. తీసింది బయటోళ్ళు కాదు. పలకల దుకాణం వలి బాషా కూతురు ముబాషిరా. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. డాక్టరవుతుందని ఊరంతా అనుకుంటే, ఎంట్రన్సు రెండుసార్లు పోగొట్టుకుని, మోహన్‌కృష్ణ ఫోటో స్టూడియోలో పెళ్ళి వీడియోలు మిక్సింగ్ చేసుకుంటా కూర్చుంది. అప్పుడు అయ్యో పాపం అన్న నోళ్ళే ఇప్పుడు టిఫిన్లు గబగబా మింగి షాదీఖానాకి ఎగబడినాయి. నాలుకకు నరం ఉంటే గదా.

పదిన్నరకే కుర్చీలు నిండిపోయినాయి. ముందు పట్టాలు పరిచి పిల్లల్ని కూర్చోబెట్టినారు. ట్యూషన్ జాషువా మాస్టారు తన దగ్గర చదివే నలభై మందినీ వరసగా తోలుకొచ్చినాడు. వాళ్ళ గోల చెప్పనలవి కాదు. దయ్యం జుట్టు ఎంత పొడుగుంటుంది, కాళ్ళు వెనక్కి ఉంటాయా లేదా అని పందేలు. సినిమాలో పిల్లోడి వేషం వేసిన పవన్ వాళ్ళ మధ్యలో కూర్చుని, వాడికన్నీ తెలుసు కాబట్టి, ఏమీ చెప్పకుండా రాజాలాగా నవ్వుతున్నాడు. వాడి జేజి రంగమ్మ వెనక గోడ దగ్గర కూర్చుని మా మనవడే మా మనవడే అని పక్కనోళ్ళకు ఒకటికి పదిసార్లు చెప్పింది.

గుమ్మంలో వలి బాషా. ఇస్త్రీ చొక్కా, అత్తరు. కూతురి పెళ్ళికి వచ్చినోళ్ళను పిలిచినట్టు చేతులు పట్టుకుని మరీ లోపలికి తెస్తున్నాడు. కనిగిరి, పామూరు చుట్టాలకు తనే ఫోన్లు చేసినాడు. మా పాప దయ్యం సినిమా తీసింది, రాకపోతే మాటల్లేవు అన్నాడంట. ఆయనకు తెలిసింది అంతే, దయ్యం సినిమా అని.

ముబాషిరా హాలు చివర, మోహన్‌కృష్ణ కూర్చున్న వీడియో పెట్టెకు కొంచెం ఎడంగా నిలబడి నాయన్నే చూస్తా ఉంది. భయమా, సంతోషమా అంటే రెండూనూ. ఇంకో గంటలో ఆ మనిషి తెర మీద తనను తాను చూసుకుంటాడు. చూడాలి. చూడాలనే తీసింది. పధ్నాలుగేళ్ళు నోట్లో పెట్టుకుని తిరిగిన మాట అది.

ఆ మాట ఏందో చెప్పాల. పలకల బజారులో ప్రతి దుకాణం ముందూ ఒక రేటు పలక వేలాడుతుంది. డజను ఇంత, పెట్టె ఇంత అని సుద్దతో రాసి పెడతారు. వలి బాషా పలక మీద ఆ రేట్ల కింద ఇంకో గీత ఉండేది. ‘ముబాషిరా – 3’. శనివారం బడిలో పరీక్ష పెడితే వచ్చిన రాంకు అది. కొనేటోడు బేరం ఆడకముందు అది చదివేవాడు. మూడు ఉంటే భుజం తట్టేవాడు. తొమ్మిది ఉంటే ఏంది భాయ్ పాప తగ్గింది అనేవాడు. ఏడాది తిరిగేసరికి బజారులో ఎనిమిది దుకాణాలు ఆ అలవాటు పట్టుకున్నాయి. పిల్లల్ని పలకలతో పాటు అంగట్లో వేలాడదీసినారు. ఇప్పుడు పలకల మీద రాయడం తగ్గిందిలే, వాట్సాప్ స్టేటస్‌లో పెడుతున్నారు. ఏం మారింది, సుద్దముక్క ఖర్చు మిగిలింది అంతే.

రాంకు పది దాటితే ఆ శనివారం ముబాషిరాకు ఇంటి వెనక సామాన్ల గది. గడియ బయట. పాఠం మొత్తం అప్పజెప్పినాకనే తీసేది. తిండి పెట్టకుండా ఏం లేదు, కొట్టిందీ లేదు. వలి బాషా జీవితంలో కూతురి మీద చెయ్యెత్తలా. ఆ మాట ఆయన గొప్పగా చెప్పుకుంటాడు, అబద్ధం కూడా కాదు. గడియ మాత్రం వేసినాడు.

ఈ ఏడు మూఢం వచ్చింది. మూడు నెలలు పెళ్ళిళ్ళు లేవు. స్టూడియోలో కెమెరాలు, లైట్లు ఖాళీగా పడున్నాయి. మోహన్‌కృష్ణ ఎవరేం అడిగినా కాదనలేని మంచోడు, వాడుకోమ్మా అన్నాడు. ముబాషిరా తీసింది. ముప్పై ఎనిమిది నిమిషాలు. పేరు ‘గడియ బయట’. దుకాణం నాయన, ఇంట్లో అమ్మ, రాంకు తగ్గిన పిల్లోడు, వెనక గది. గది గోడల నిండా పలకలు, వాటి మీద అంకెలు వాటంతట అవే మారుతుంటాయి. అసలైన ఆరు నిమిషాలు గది లోపల ఉన్నాయి. ఆ ఆరు నిమిషాల్లో పవన్ బలపాలు కొరుక్కుని తింటాడు. అవి పాలపొడి, చక్కెర కలిపి ముబాషిరా చేతితో చుట్టినవి. వాడు షాటు అయిపోయినా ఇంకా పెట్టక్కా అని ఏడిస్తే రంగమ్మ నాలుగు తిట్టింది. తీసేటప్పుడు అంత నవ్వులాట. తెర మీద చూస్తే మాత్రం ముబాషిరానే సౌండు తగ్గించుకునేది.

పదకొండుకు వలి బాషా మైకు పట్టుకుని, పెళ్ళిలో వడ్డన మొదలైందని చెప్పినట్టే, కూర్చోండి కూర్చోండి మొదలవుతుంది అన్నాడు. పోయి ముందు వరసలో మధ్య కుర్చీలో కూర్చున్నాడు. ఆడవాళ్ళ వైపు మూడో వరసలో తల్లి జహరాబీ. పెళ్ళిళ్ళలో పెళ్ళికూతురి మొహాన్ని నిలువెత్తున చూపించే ఎల్‌ఈడీ తెర వెలిగింది. పిల్లలు ఒకటే కేక.

మొదటి పావుగంట ఎట్ల పోయిందో ముబాషిరాకు తెలియదు. జనం నవ్వాల్సిన చోట నవ్వినారు. దుకాణం ముందు బేరం ఆడే సీను వస్తే అచ్చం మన బజారే అని ఈలలు. రేటు పలక మీద పిల్లోడి పేరు, అంకె కనపడ్డప్పుడు మగవాళ్ళ వరసల్లో ఒకరి మొహం ఒకరు చూసుకుని ముసిముసిగా నవ్వుకున్నారు. వలి బాషా కూడా నవ్వినాడు. వెనక్కి తిరిగి కనిగిరి చుట్టానికి ఏదో చెప్పినాడు, మన దుకాణంలోనే తీసినారు అని కావచ్చు. ఆ నవ్వు చూస్తే ముబాషిరా గుండెలో ఎక్కడో ముల్లు దిగింది. ఇంకో నిమిషం. ఇంకో నిమిషంలో ఆ పిల్లోడి మీద గడియ పడుతుంది.

పడింది. టక్కుమని. హాలంతా ఊపిరి బిగబట్టింది. చీకటి గదిలో పవన్ మొహం మీదికి కెమెరా పోయింది, వాడు బలపం నోట్లో పెట్టుకున్నాడు, అంతే.

తెర నిండా మల్లెపూలు.

మల్లెపూలు, ఆ తర్వాత చామంతులు, ఆ తర్వాత ఒక పళ్ళెంలో గులాబీ రెక్కలు మెల్లగా రాలడం. వెనక సన్నాయి. హాలు ఒక్క క్షణం అర్థంకాక ఊరుకుని, తర్వాత పగలబడి నవ్వింది. దయ్యానికి పెళ్ళంట రోయ్ అని ఎవడో అరిచినాడు. పిల్లలు పట్టాల మీద దొర్లినారు. వలి బాషా అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినాడు, మా పాప ఎంత తమాషా పెట్టిందో చూడండి అన్నట్టు.

ముబాషిరాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ మల్లెపూలు ఆమె చేతి మీదుగా వెయ్యిసార్లు పోయినాయి. పెళ్ళి వీడియోలో పెళ్ళికొడుకు మామ అలిగి మొహం మాడ్చుకున్నా, పందిట్లో బావలు చొక్కాలు పట్టుకున్నా, అప్పగింతల్లో ఎవరన్నా ఎవరినన్నా నోరు జారినా, మోహన్‌కృష్ణ దగ్గర మందు ఒకటే. ఆ ముక్క తీసెయ్, పూలు పెట్టు, పాట పెంచు. గొడవొస్తే పూలు. పనిలో చేరిన మొదటి రోజు ఆయన నేర్పిన మొదటి పాఠం. ఇరవై ఏళ్ళుగా ఈ ఊరి పెళ్ళిళ్ళలో ఒక్క గొడవ కూడా జరగలేదు, వీడియోలు చూసుకోండి కావాలంటే.

ఆమె వీడియో పెట్టె దగ్గరికి రెండంగల్లో పోయింది. మోహన్‌కృష్ణ మౌసు మీద చెయ్యేసి కూర్చున్నాడు, ఆమె మొహం చూడలా. నిన్న సాయంత్రం కాపీ చేసేటప్పుడు పూర్తిగా చూసినానని, నిద్ర పట్టలేదని, ఆ ఆరు నిమిషాలు తీసేసినానని మెల్లగా చెప్పినాడు. కోపం తెచ్చుకోవద్దన్నాడు. అందరూ మీ నాయన పిలిస్తే వచ్చినోళ్ళు తల్లీ, ఆయన కొట్టు ముందే తీసినావు, రేపు ఆయన బజారులో తలెత్తుకుని తిరగొద్దా అన్నాడు. పిల్లలు జడుసుకుంటారు అని కూడా అన్నాడు. చెడ్డోడైతే తిట్టి పడేసేది. చెడ్డోడు కాదే, అదే చిక్కు. గొడవ కనపడింది, చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. ఈ ఊళ్ళో మంచోళ్ళు చేసే తప్పు ఇదొక్కటే, దీనితోనే అందరూ చస్తున్నారు.

తెర మీద ఇంకా రెక్కలు రాలుతున్నాయి. ముబాషిరా ముందు వరస వైపు చూసింది. వలి బాషా కళ్ళ నీళ్ళు తుడుచుకుంటా నవ్వుతున్నాడు. ఆయన్ని అంత ఆనందంగా చూసి ఎన్నేళ్ళయింది. ఎంట్రన్సు పోయినాక ఆయన బజారులో ఎవరితో అయినా ఇట్ల నవ్వినాడా. ఇప్పుడు ఊరుకుంటే సరిపోతుంది. పూల తర్వాత మిగతా సినిమా వస్తుంది, జనం చప్పట్లు కొట్టి బోండాలు తిని పోతారు, కూతురు తమాషా సినిమా తీసిందని ఆయన ఏడాది పొడుగునా చెప్పుకుంటాడు. ఎవరికీ నష్టం లేదు. ఊరుకుంటే చాలు.

ఊరుకోవడానికి సగం మనసు పోయింది కూడా. అప్పుడు పట్టా మీద పిల్లలు కనపడినారు. నవ్వి నవ్వి అలిసిపోయి, దయ్యం ఏదిరా అని ఒకడు పవన్‌ను అడుగుతున్నాడు. పవన్ నవ్వడం లేదు. వాడు వెనక్కి తిరిగి ముబాషిరాను వెతుక్కుంటున్నాడు. నా సీనేది అక్కా అని వాడి మొహం నిండా రాసుంది.

ఆమె మోహన్‌కృష్ణ వైపు తిరిగింది.

“అన్నా, మీ పాపకు నిన్నటి పరీక్షలో ఎంతొచ్చింది?”

“పదకొండు,” అన్నాడు. అడగడం ఆలస్యం, ఠక్కున. ఆలోచించుకోనే లేదు.

చెప్పినాక తన నోట్లోంచి వచ్చిన అంకె ఆయనకే వినపడింది. మోహన్‌కృష్ణ తెర వైపు తిరిగినాడు. మౌసు మీద నుంచి చెయ్యి తీసినాడు. కుర్చీ వెనక్కి జరిపి ఆమెకు చోటు ఇచ్చినాడు.

ఆమె బ్యాగులోంచి సొంత లాప్‌టాప్ లాగింది. వైరు పీకి దీనికి గుచ్చింది. తెర నల్లబడింది. జనం ఈలలు, కరెంటు పోయిందా అని కేకలు. ఆమె కంగారులో రెండుసార్లు తప్పు ఫైలు తెరిచింది. మోహన్‌కృష్ణే పక్క నుంచి సౌండు వైరు పెట్టి, ఇప్పుడు వెయ్యి అన్నాడు. ఆమె సినిమాను గడియ పడే చోటికి తెచ్చి వదిలింది.

టక్కుమంది. ఈసారి పూలు రాలా.

చీకటి గదిలో పిల్లోడు ఎక్కాలు చదువుతున్నాడు. తప్పు పోయినప్పుడల్లా గోడ మీద ఒక పలక మీద అంకె పెరుగుతుంది. పదకొండు, పదిహేను, ముప్పై. వాడు ఆకలికి బలపం కొరికినాడు, పళ్ళ మధ్య అది నలిగే చప్పుడు స్పీకర్లలోంచి వస్తే ఆడవాళ్ళ వైపు ఎవరో చెవులు మూసుకున్నారు. తలుపు అవతల నుంచి అమ్మ గొంతు, మెత్తగా, బతిమాలుకుంటా. వచ్చేసిందని అను నాయనా, అను, తీస్తారు. జహరాబీ తల వంచుకుంది. పిల్లోడు నోరు తెరిస్తే వాడి గొంతు రావడం లేదు. మేనమామ గొంతు వచ్చింది, పక్కింటాయన గొంతు వచ్చింది, అత్తల గొంతులు వచ్చినాయి. అన్నీ ఒకటే అడుగుతున్నాయి, ఎంతొచ్చింది, ఎంతొచ్చింది. పిల్లోడి పెదాలు కదులుతున్నాయి, గొంతులు మాత్రం ఊరందరివీ. దయ్యం ఏదిరా అని అడిగినోడు పక్కనోడి చొక్కా గట్టిగా పట్టుకున్నాడు.

పిల్లోడు తలుపును గోళ్ళతో గీకడం మొదలుపెట్టినాడు. అప్పుడు పట్టా మీద నుంచి ఒక చిన్న గొంతు లేచింది.

“గడియ తియ్.”

ఎవరు అన్నారో తెలియదు. ఆడపిల్ల గొంతు. దాని పక్కన ఇంకోటి అందుకుంది. జాషువా మాస్టారు ఉష్ అన్నాడు. ఎవరు వింటారు. పది గొంతులయినాయి, నలభై అయినాయి. గడియ తియ్, గడియ తియ్. మోకాళ్ళ మీద లేచి, అరచేతులతో నేలను కొడతా, కుర్చీల్లో అమ్మానాయనల పక్కన కూర్చున్న పిల్లలు కూడా లేచి నిలబడి, షాదీఖానా రేకులు అదిరేటట్టు. తల్లులు చేతులు పట్టుకుని కూర్చోబెట్టబోయినారు, లాగినకొద్దీ ఇంకా గట్టిగా అరిచినారు. వెనక గోడ దగ్గర రంగమ్మ కూడా లేచి నిలబడింది. తెర మీద ఉన్నది తన మనవడని, ఆ బలపం పాలపొడి అని ఆమెకు తెలియక కాదు. తెలిసే అరుస్తుంది. పదేళ్ళప్పుడు ఆ గది లోపల ఉండి ముబాషిరా వినాలనుకున్న మాట అది. ఒక్కరన్నా బయట నుంచి అనాలనుకున్న మాట. ఇప్పుడు ఊరి పిల్లలంతా ఒక్క గొంతుతో అంటున్నారు.

తెర మీద గడియ కదిలింది. తలుపు తెరుచుకుంది. నాయన వేషం వేసినాయన గుమ్మంలో నిలబడినాడు, వెనక నుంచి వెలుతురు. పిల్లలు విజిల్ వేసినారు, చప్పట్లు కొట్టినారు, ఒకడు పట్టా మీద గంతేసినాడు.

గదిలోపల పిల్లోడు వెలుతురు కేసి చూసి, తల అడ్డంగా ఊపినాడు.

“వద్దు నాయనా. వేసెయ్. నాకింకా రాలేదు,” అన్నాడు. తలుపు రెక్క పట్టుకుని తనే లోపలికి లాక్కున్నాడు.

చప్పట్లకు ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఆగినాయి. గెంతినోడు కూర్చోవడం మరిచినాడు. ఆ తర్వాత తెర మీద ఏం వచ్చిందో ఎవరూ చూడలా. సినిమా అయిపోయి తెర నల్లబడితే కూడా ఎవరూ లేవలా. రేటు పలక మీద పిల్లల పేర్లు రాసిన ఎనిమిది మందిలో ఆరుగురు ఆ హాల్లోనే ఉన్నారు. వాళ్ళు చెప్పుల కేసి చూసుకుంటున్నారు.

వలి బాషా లేచినాడు.

ముబాషిరా లాప్‌టాప్ అంచు గట్టిగా పట్టుకుంది. పోతాడు అనుకుంది. గుమ్మం వైపు తిరిగి, ఎవరి మొహం చూడకుండా, అత్తరు వాసన వదిలేసి పోతాడు. పోతే పోనీ అనుకుంది. ఆయన గుమ్మం వైపు పోలా. కుర్చీల మధ్య దారిలోంచి నడుచుకుంటా ఆమె దగ్గరికి వచ్చినాడు. నలుగురు దారి ఇచ్చినారు. వీడియో పెట్టె ముందు నిలబడి, తెర వైపు వేలు చూపించినాడు.

“గడియ తప్పు తీసినావు బేటా,” అన్నాడు. మైకు లేదు, అయినా హాలంతా వినపడింది. “మనింట్లో ఇనుప గడియ కాదు. చెక్క అడ్డగడియ. వానాకాలం ఉబ్బి బిగుసుకుపోయేది. తీయాలంటే నేనే భుజంతో కొట్టాల్సి వచ్చేది.”

మనింట్లో అన్నాడు. నాలుగు వందల మంది ముందు. బజారు దుకాణదార్ల ముందే కాదు, కనిగిరి, పామూరు చుట్టాల ముందు, మనింట్లో అన్నాడు.

ఆడవాళ్ళ వైపు నుంచి జహరాబీ లేచి వచ్చి భర్త పక్కన నిలబడింది. పిల్లలు పట్టాల మీద నుంచి లేచి చుట్టూ మూగినారు, ఇది కూడా సినిమాలో ముక్కేమో అన్నట్టు కళ్ళు పెద్దవి చేసుకుని. ముబాషిరా పధ్నాలుగేళ్ళు సాన పట్టుకున్న మాటలు వంద ఉన్నాయి. వాటిల్లో లేనిదొకటి అడిగింది.

“ఎంతసేపు ఉంచేవాడివో నీకు తెలుసా అబ్బాజాన్?” అంది.

వలి బాషా ఆలోచించినాడు. నిజంగానే ఆలోచించినాడు, కనుబొమ్మలు ముడేసుకుని. గంటా, గంటన్నరా అని తనలో తను గొణుక్కున్నాడు. కూతురి మొహం చూసి ఆగిపోయినాడు. దగ్గరున్న కుర్చీ లాక్కుని, దాని మీద కూర్చుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

“తెలీదు. నువ్వు చెప్పు.”

మోహన్‌కృష్ణ మైకు తెచ్చి ఆమె చేతిలో పెట్టినాడు. వెనక్కి పోయి సౌండు పెంచినాడు. పవన్ జనాన్ని తోసుకుని ముందుకొచ్చి, ఆమె కాళ్ళ దగ్గర బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడు. వాడిని చూసి మిగతా పిల్లలూ.

“మొదటిసారి,” అంది ముబాషిరా, “శుక్రవారం నువ్వు జుమ్మా నమాజు ముగించుకుని వచ్చి రేపటి పరీక్షకు చదువుకో అన్నావు. తెల్లారి నాకు పధ్నాలుగు వచ్చింది. మధ్యాహ్నం అన్నం తిన్నాక వేసినావు. పొద్దుగుంకినాక మగ్రిబ్ అజాన్ వినపడింది నాకు లోపల్నించి. అప్పటికీ తీయలా.”

ఎవరో దగ్గినారు. జాషువా మాస్టారు వాళ్ళను ఉండమని చేత్తో సైగ చేసినాడు.

ఆమె మైకు ఇంకొంచెం దగ్గరికి పెట్టుకుని, రెండోసారి సంగతి మొదలుపెట్టింది.